సర్వర్లకు ఆటోమేటిక్ ఓఎస్ ఇన్‌స్టలేషన్, ప్యాకేజీల ఏర్పాటు: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ కాలేజీ ల్యాబ్‌లు, చిన్న ఆఫీసుల సర్వర్లు చూసుకోవడం నా పని. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతున్నప్పుడో, రాత్రి పదింటికి ఫోన్‌లోనో ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అడిగే ప్రశ్నలే ఇవి. అన్నీ లైనక్స్ సర్వర్ల గురించే. విండోస్ పద్ధతి పూర్తిగా వేరు కాబట్టి దాని జోలికి పోలేదు.

పెన్‌డ్రైవ్ పెట్టి ఇన్‌స్టాల్ చేసుకుంటే సరిపోదా? ఇదంతా ఎందుకు?

ఒకటి రెండు సర్వర్లుంటే పెన్‌డ్రైవే మేలు. ఐదు దాటితే లెక్క మారుతుంది. టైమ్ ఆదా అవుతుందని అందరూ చెబుతారు, అది నిజమే. నాకు మాత్రం అంతకంటే ముఖ్యం, ఏ సర్వర్‌లో ఏముందో ఒక ఫైల్‌లో రాసి ఉండటం. చేత్తో పెట్టిన రెండు సర్వర్లు ఎప్పుడూ ఒకేలా ఉండవు. ఒకదాని టైమ్‌జోన్ కోల్‌కతా అని ఉంటుంది, రెండోది యూటీసీలో ఉంటుంది. ఒకదానికి స్వాప్ ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. ఆరు నెలలు పోయాక ఆ తేడా ఎక్కడో బయటపడి రాత్రంతా కూర్చోబెడుతుంది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. ఆ వైపు ఒక ఆఫీసులో కరెంటు వచ్చాక సర్వర్ ఆన్ చేస్తే, డిస్క్ టక్ టక్‌మని నాలుగైదుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. డేటా బ్యాకప్ ఉంది. కొత్త డిస్క్ కూడా దొరికింది. కానీ అందులో ఏ వెర్షన్ డేటాబేస్ ఉండేదో, దానికి ఏమేం ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ మూటలు) వేశారో చెప్పగలిగినవాళ్ళు లేరు. డౌన్‌లోడ్ చేద్దామంటే నెట్ లేదు. అక్కడి పెద్దాయన గంటకోసారి వచ్చి "బావూ, ఈరోజుకి అవుతాదా?" అని అడిగేవారు. నాలుగు రోజులు పట్టింది.

అప్పటినుంచి నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఏ సర్వర్‌నైనా ఇంటర్నెట్ లేకుండా, ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడకుండా మళ్ళీ నిలబెట్టగలగాలి. కింద చెప్పేదంతా దానికోసమే.

మొత్తం పని ఎలా జరుగుతుందో ఒకసారి వరసగా చెప్పండి.

సర్వర్ ఆన్ చేయగానే దాని నెట్‌వర్క్ కార్డు "నాకు ఐపీ అడ్రస్ ఇవ్వండి, ఎక్కడ బూట్ అవ్వాలో చెప్పండి" అని కేకేస్తుంది. దీన్నే పీఎక్స్ఈ అంటారు, మనం మాటల్లో పిక్సీ అంటాం. డీహెచ్‌సీపీ సర్వర్ ఐపీ ఇచ్చి, బూట్ ఫైల్ ఏ మెషీన్‌లో ఏ పేరుతో ఉందో చెబుతుంది. ఆ చిన్న ఫైల్ టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైల్ పంపే పద్ధతిలో వస్తుంది. అది కెర్నల్‌నీ, ఇన్‌స్టాలర్‌నీ తెచ్చుకుంటుంది. ఇన్‌స్టాలర్ లేచాక, ముందే రాసిపెట్టిన జవాబుల ఫైల్‌ని హెచ్‌టీటీపీ ద్వారా చదువుకుంటుంది. భాష, డిస్క్, పాస్‌వర్డ్, ప్యాకేజీలు అన్నీ అందులోనే ఉంటాయి. తర్వాత ప్యాకేజీలు మిర్రర్ (ప్యాకేజీలన్నీ మన దగ్గరే దాచుకున్న కాపీ) నుంచి దింపుకుని, వేసుకుని, రీబూట్ అవుతుంది.

టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్కలుగా పంపి, ప్రతి ముక్కకీ రసీదు కోసం ఆగుతుంది. అందుకే దాన్ని బూట్ ఫైల్ వరకే ఉంచి, పెద్ద ఫైళ్ళను హెచ్‌టీటీపీ మీదకు మార్చండి. ఇరవై మెషీన్లు ఒకేసారి బూట్ చేసినప్పుడు ఆ తేడా కళ్ళకు కనబడుతుంది.

ఇన్‌స్టాల్ సర్వర్‌లో ఏ ప్యాకేజీలు ఉండాలి?

డీఎన్‌ఎస్‌మాస్క్ ఒక్కటి వేస్తే డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ రెండూ వచ్చేస్తాయి. వెబ్ సర్వర్‌గా ఎన్‌జింక్స్ గానీ అపాచీ గానీ. పాత బయోస్ మెషీన్లకు సిస్‌లైనక్స్ ప్యాకేజీలోని బూట్ ఫైల్, కొత్త తరహా యూఈఎఫ్ఐ మెషీన్లకు షిమ్, గ్రబ్ అనే బూట్ ఫైళ్ళు. మిర్రర్ కోసం రెడ్‌హ్యాట్ కుటుంబమైతే (ఆల్మా, రాకీ లాంటివి) రెపోసింక్, క్రియేట్‌రెపో. డెబియన్ కుటుంబమైతే (ఉబుంటు కూడా) ఏపీటీ మిర్రర్. టైమ్ కోసం క్రోనీ. ఫైర్‌వాల్‌లో యూడీపీ 67, 69 పోర్టులు, టీసీపీ 80 తెరవాలి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో వెబ్ సర్వర్ "అనుమతి లేదు" అంటే ఎస్‌ఈలైనక్స్ (ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్ ముట్టుకోవచ్చో చూసే కాపలా) లేబుళ్ళు చూడండి. హోమ్ ఫోల్డర్ నుంచి మూవ్ చేసిన ఫైళ్ళు పాత లేబుల్‌తోనే వస్తాయి. రీస్టోర్‌కాన్ కొడితే సరిపోతుంది, ఎస్‌ఈలైనక్స్‌నే ఆపేయకండి.

కోబ్లర్, ఫోర్‌మన్, మాస్ లాంటివి ఇవన్నీ కలిపి ఒక ముఖం పెట్టి ఇస్తాయి. మంచివే. కానీ ముందు ఒక్కసారైనా విడివిడిగా పెట్టి చూడండి. లోపల ఏం జరుగుతోందో తెలియకుండా వాటిని వాడితే, ఆగిపోయినప్పుడు ఎక్కడ చూడాలో అర్థం కాదు.

మా ఆఫీసులో రౌటర్ ఇప్పటికే ఐపీలు ఇస్తోంది. రెండో డీహెచ్‌సీపీ పెడితే గొడవ కాదా?

తప్పకుండా అవుతుంది. ఆఫీసులో సగం కంప్యూటర్లకు తప్పు ఐపీలు వెళ్ళి నెట్ పోతుంది, అందరూ మీ మీద పడతారు. డీఎన్‌ఎస్‌మాస్క్‌లో ప్రాక్సీ డీహెచ్‌సీపీ అనే పద్ధతి ఉంది. ఐపీలు రౌటరే ఇస్తుంది, బూట్ సమాచారం మాత్రం మనది వెళ్తుంది. వీలైతే ఇన్‌స్టలేషన్‌కి విడిగా ఒక స్విచ్ పెట్టుకోవడం ఇంకా మంచిది.

కిక్‌స్టార్ట్, ప్రీసీడ్, ఆటోఇన్‌స్టాల్: వీటిలో ఏది నేర్చుకోవాలి?

ఇవన్నీ జవాబుల ఫైల్ రాసే పద్ధతులే. ఏది అనేది మీరు వాడే ఓఎస్‌ని బట్టి. రెడ్‌హ్యాట్, ఆల్మా, రాకీ, ఫెడోరాకి కిక్‌స్టార్ట్. డెబియన్‌కి ప్రీసీడ్. ఉబుంటు సర్వర్‌కి 20.04 నుంచి ఆటోఇన్‌స్టాల్, అది యామల్ ఫార్మాట్‌లో ఉంటుంది. సూసేకి 15 వెర్షన్ వరకు ఆటోయాస్ట్.

వీటన్నిటిలో కిక్‌స్టార్ట్ చదవడానికి తేలిక. చేత్తో ఒక సర్వర్ పెట్టాక రూట్ ఫోల్డర్‌లో అనకొండా కేఎస్ అనే ఫైల్ మిగులుతుంది. మీరిచ్చిన జవాబులన్నీ అందులో ఉంటాయి, దాన్నే దిద్దుకుంటూ మొదలుపెట్టండి. ఉబుంటు కూడా ఇన్‌స్టాలర్ లాగ్‌ల ఫోల్డర్‌లో ఇలాంటి ఫైల్ వదులుతుంది.

ఉబుంటులో రెండు చోట్ల చాలామంది తడబడతారు. యూజర్ డేటా ఫైల్ పక్కనే మెటా డేటా అనే ఫైల్ ఖాళీగానైనా ఉండాలి. గ్రబ్‌లో ఆ ఫైళ్ళ చిరునామా రాసేటప్పుడు మధ్యలో ఒక సెమీకోలన్ వస్తుంది. దాన్ని కోట్స్‌లో పెట్టకపోతే గ్రబ్ అక్కడితో వాక్యం అయిపోయిందనుకుని మిగతాది వదిలేస్తుంది. ఇన్‌స్టాలర్ మామూలుగా లేచి, భాష ఎంచుకోమని అడుగుతూ నిలబడుతుంది. ఎర్రర్ ఏమీ ఉండదు కాబట్టి కారణం తట్టదు. ఇంకో సంగతి, నెట్‌వర్క్ బూట్‌లో ఉబుంటు ఐఎస్ఓ మొత్తాన్నీ ర్యామ్‌లోకి దింపుకుంటుంది. ర్యామ్ తక్కువున్న పాత మెషీన్లలో అక్కడే ఆగిపోతుంది.

ప్యాకేజీల లిస్టులో ఏమేం రాయాలి?

వీలైనంత తక్కువ. అన్నిటికంటే ఎక్కువసార్లు నేను చెప్పే మాట ఇదే.

రెడ్‌హ్యాట్ కుటుంబం ఇన్‌స్టాలర్‌ను చేత్తో నడిపితే "సర్వర్ విత్ జీయూఐ" ముందే టిక్ అయి ఉంటుంది. తొందరలో ముందుకెళ్ళిపోతే సర్వర్‌లో డెస్క్‌టాప్, దానితో పాటు ప్రింటర్ సర్వీసు, బ్లూటూత్ కూడా వచ్చి కూర్చుంటాయి. అవన్నీ అప్‌డేట్ చేయాలి, వాటిలో లోపం బయటపడితే మనకే టెన్షన్. కిక్‌స్టార్ట్‌లో మినిమల్ ఎన్విరాన్‌మెంట్ తీసుకోండి. పేరు ముందు టోపీ గుర్తుతో ఎట్ సైన్ పెడితే ఎన్విరాన్‌మెంట్, ఒట్టి ఎట్ సైన్ పెడితే గ్రూపు, ఏమీ లేకపోతే ప్యాకేజీ, మైనస్ పెడితే వద్దని అర్థం.

మినిమల్ మీద నేను అదనంగా వేసేవి కొన్నే: ఎస్ఎస్‌హెచ్ సర్వర్ (దూరం నుంచి లాగిన్ అవడానికి), సూడో, క్రోనీ, పైథాన్, ఆర్‌సింక్, కర్ల్, విమ్, టీమక్స్. నిజమైన మెషీనైతే డిస్క్ ఆరోగ్యం చూడటానికి స్మార్ట్‌మాన్‌టూల్స్, వర్చువల్ మెషీనైతే గెస్ట్ ఏజెంట్. పైథాన్ ఎందుకంటే తర్వాత ఆన్సిబుల్ (సర్వర్లలో సెట్టింగులు, సాఫ్ట్‌వేర్ దానంతటదే పెట్టే టూల్) వచ్చి పని చేయడానికి అది కావాలి. డేటాబేస్, వెబ్ సర్వర్, కాలేజీ సాఫ్ట్‌వేర్ లాంటివేవీ ఇన్‌స్టలేషన్ లిస్టులో పెట్టను. అవి ఆన్సిబుల్ ఫైళ్ళలో ఉంటాయి. ఇన్‌స్టలేషన్ ఒక సర్వర్‌కి ఒకసారే జరుగుతుంది, సర్వర్ అవసరాలు మాత్రం ప్రతి నెలా మారుతుంటాయి. రెండిటినీ ఒకే ఫైల్‌లో కలిపితే, ఇప్పటికే నడుస్తున్న సర్వర్లకు ఆ ఫైల్‌తో సంబంధం తెగిపోతుంది.

చివర్లో నడిచే పోస్ట్ స్క్రిప్ట్‌కి కూడా ఇదే మాట. అందులో నావి మూడే పనులు. అడ్మిన్ యూజర్‌కి ఎస్ఎస్‌హెచ్ కీ పెట్టడం, మన మిర్రర్ చిరునామా రాయడం, పని అయిందని ఇన్‌స్టాల్ సర్వర్‌కి ఒక కబురు పంపడం. మూడు వందల లైన్ల పోస్ట్ స్క్రిప్ట్‌లు చూశాను. నూట యాభయ్యో లైన్‌లో తప్పు జరిగితే మిగతా సగం నడిచిందో లేదో చెప్పే దిక్కు ఉండదు. స్క్రిప్ట్ ఎంత చిన్నదైనా లాగ్ ఫైల్‌లోకి రాయించండి.

లిస్టులో ఒక ప్యాకేజీ పేరు తప్పు పడితే ఏమవుతుంది?

కిక్‌స్టార్ట్ ఆ ప్యాకేజీ లేదని చెప్పి ఆగిపోతుంది. లేనివి వదిలేయమని చెప్పే ఇగ్నోర్‌మిస్సింగ్ అనే ఆప్షన్ ఉంది గానీ నేను వాడను. ఎస్ఎస్‌హెచ్ సర్వర్ పేరులోనే అక్షరం తప్పిందనుకోండి, ఇన్‌స్టలేషన్ సాఫీగా అయిపోతుంది, తీరా ఆ సర్వర్‌లోకి వెళ్ళే దారి ఉండదు. ఆగిపోవడమే నయం. ఫైల్ రాశాక పైకిక్‌స్టార్ట్ ప్యాకేజీతో వచ్చే కేఎస్‌వాలిడేటర్‌తో ఒకసారి చూపించుకోండి. అది రాతలో తప్పులు పడుతుంది. ప్యాకేజీ నిజంగా మిర్రర్‌లో ఉందో లేదో మాత్రం మీరే చూసుకోవాలి.

ఇంటర్నెట్ లేకుండా జరగాలంటే మిర్రర్ ఎలా పెట్టాలి?

మొదటి మెట్టు చాలా సులువు. ఆల్మా లేదా రాకీ డీవీడీ ఐఎస్ఓ తీసుకుని వెబ్ సర్వర్ ఫోల్డర్‌లో మౌంట్ చేయండి. ఆ డీవీడీలోనే బేస్ఓఎస్, యాప్‌స్ట్రీమ్ రెండు రిపోజిటరీలూ (ప్యాకేజీల భండారాలు) ఉన్నాయి. కిక్‌స్టార్ట్‌లో దాని చిరునామా ఇస్తే చాలు, బయటి ఇంటర్నెట్ కేబుల్ పీకేసినా ఇన్‌స్టలేషన్ జరుగుతుంది. చాలా చోట్ల ఇక్కడితో ఆగినా పరవాలేదు.

అప్‌డేట్లు కూడా కావాలంటే రెపోసింక్‌తో పూర్తి రిపోజిటరీలు తెచ్చుకోవాలి, మెటాడేటా కూడా దించమని చెప్పడం మరవకండి. మొదటిసారి చాలా పెద్ద డౌన్‌లోడ్. నేను మంచి లైన్ ఉన్న చోట రాత్రిపూట ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి దింపి, ఆ డిస్క్‌ని బ్యాగ్‌లో పెట్టుకుని పలాస, టెక్కలి బస్సెక్కిన రోజులున్నాయి. తర్వాత వారానికోసారి మారినవి మాత్రమే వస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మిర్రర్‌ను ఎప్పటికప్పుడు ఉన్నచోటే మార్చేస్తే, సోమవారం పెట్టిన సర్వర్‌కీ గురువారం పెట్టిన సర్వర్‌కీ వెర్షన్లు తేడా వస్తాయి. మళ్ళీ మొదటికే వచ్చినట్టు. అందుకని ప్రతి అప్‌డేట్‌నీ ఆ తేదీ పేరుతో విడి ఫోల్డర్‌లో ఉంచుతాను. మారని ఫైళ్ళకు హార్డ్‌లింకులు (ఉన్న ఫైల్‌కే ఇంకో పేరు) వాడితే డిస్క్ స్థలం పెద్దగా పెరగదు. "ప్రస్తుతం" అనే లింక్ ఒకటి, దాన్ని పరీక్షించిన తేదీ వైపు తిప్పుతాను. తేడా వస్తే లింక్‌ని పాత తేదీకి తిప్పేయడమే.

డెబియన్, ఉబుంటులకు ఏపీటీ క్యాచర్ ఎన్‌జీ అనే తేలికైన దారి ఉంది. 3142 పోర్ట్‌లో కూర్చుని, ఒకరు అడిగిన ప్యాకేజీని దాచి, రెండోవారికి నెట్‌లోకి వెళ్ళకుండా ఇస్తుంది. ల్యాబ్‌లో ముప్పై మెషీన్లకు ఒకేసారి పెట్టేటప్పుడు అద్భుతంగా పనిచేస్తుంది. కానీ ఎవరూ అడగని ప్యాకేజీ దాని దగ్గర ఉండదు. తుఫాను రాత్రి కావలసింది అదే కావచ్చు. నమ్మకం కావాలంటే పూర్తి మిర్రరే.

మిర్రర్ బాగానే ఉంది, కానీ "రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదు" అని ఏపీటీ (డెబియన్, ఉబుంటుల ప్యాకేజీ టూల్) ఒప్పుకోవడం లేదు.

సర్వర్ తేదీ చూడండి. పాత సర్వర్ మదర్‌బోర్డ్‌లో రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ గడియారం ఏళ్ళు వెనక్కి పోతుంది. నిన్న సంతకం చేసిన ఫైల్ ఆ మెషీన్ లెక్కలో భవిష్యత్తులోది, అందుకే నమ్మదు. ఒక ల్యాబ్‌లో పది మెషీన్లలో మూడు ఇలాగే మొరాయించాయి. మిర్రర్‌నీ, కీలనీ మధ్యాహ్నం దాకా తిరగేశాం. చివరికి బయోస్ స్క్రీన్ మీద 2009 అని కనబడింది. కిరాణా కొట్టులో దొరికే బ్యాటరీలు మూడు తెచ్చి వేస్తే పని అయిపోయింది. ఇన్‌స్టాల్ సర్వర్‌లోనే క్రోనీ పెట్టి, టైమ్ దాని దగ్గరే తీసుకోమని జవాబుల ఫైల్‌లో రాస్తే ఇంకా నిశ్చింత.

దీనికి ఉల్టాగా, డెబియన్ సెక్యూరిటీ మిర్రర్ చాలా రోజులు అప్‌డేట్ చేయకపోతే "గడువు తీరింది" అంటుంది. వాటి రిలీజ్ ఫైళ్ళకు గడువు తేదీ ఉంటుంది.

ఏది వచ్చినా సంతకాల తనిఖీని ఆపేసి ముందుకు పోకండి. మీరు సొంతంగా కట్టిన ప్యాకేజీలకు కూడా జీపీజీ కీతో సంతకం పెట్టి, ఆ కీని సర్వర్లలో వేయండి. ఒక పూట పని, అంతే.

రాత్రి పెట్టి ఇంటికి వెళ్తే, పొద్దున వచ్చేసరికి ఏదో ప్రశ్న అడుగుతూ నిలబడి ఉంది.

డెబియన్‌తో నాకూ ఇదే జరిగింది. నీలం తెర మీద బూడిద రంగు పెట్టె, గ్రబ్‌ని ఏ డిస్క్‌లో వేయాలి అని అడుగుతోంది, కర్సర్ మిణుకుమిణుకుమంటోంది. పన్నెండు సర్వర్లూ అదే తెరతో. నా ఫైల్‌లో ఆ ఒక్క జవాబు లేదు.

ప్రీసీడ్‌లో ఇంకో మెలిక ఉంది. జవాబుల ఫైల్ నెట్‌వర్క్ ద్వారా వస్తుంది కాబట్టి, నెట్‌వర్క్ లేచేలోపు అడిగే భాష, కీబోర్డ్ ప్రశ్నలకు ఆ ఫైల్ పనికిరాదు. బూట్ లైన్‌లో ఆటో అనీ, ప్రయారిటీ క్రిటికల్ అనీ ఇస్తే ఆ ప్రశ్నలు ఫైల్ వచ్చేదాకా ఆగుతాయి. ఏ ప్రశ్నకు ఏ పేరో తెలియకపోతే చేత్తో ఒకసారి ఇన్‌స్టాల్ చేసి, డెబ్‌కాన్ఫ్ యుటిల్స్ ప్యాకేజీలోని గెట్ సెలెక్షన్స్ కమాండ్‌తో జవాబులన్నీ బయటకు తీయండి. అన్నీ అక్కర్లేదు, మీకు కావలసిన పేరు వెతుక్కోవడానికి.

ఉన్న డేటాని తుడిచేస్తుందేమోనని భయంగా ఉంది.

ఆ భయం ఉండాలి. ఎస్‌డీఏ అని లైనక్స్ మొదటి డిస్క్‌కి పెట్టే పేరుని నమ్మి జవాబుల ఫైల్ రాయకండి. పెన్‌డ్రైవ్ ఉన్నా, కొత్త కంట్రోలర్ వచ్చినా ఆ పేరు ఇంకో డిస్క్‌కి వెళ్ళిపోవచ్చు. ఒకచోట డేటా డిస్క్ అలా పోయింది, బ్యాకప్ ఉండబట్టి గండం గడిచింది. డిస్క్‌ని దాని సీరియల్ నంబర్ ఉండే ఐడీ పేరుతో రాయండి. కిక్‌స్టార్ట్‌లో ఈ ఒక్క డిస్కే వాడమని చెప్పే ఆప్షన్ ఉంది, అది పెట్టకుండా పార్టిషన్లు చెరిపే లైన్ రాయవద్దు. అన్నిటికంటే గట్టి పద్ధతి, డేటా డిస్కుల కేబుళ్ళు తీసేసి ఇన్‌స్టాల్ చేయడం.

ఉబుంటులో బూట్ లైన్ మీద ఆటోఇన్‌స్టాల్ అనే మాట లేకపోతే, డిస్క్ చెరిపేముందు ఒకసారి అడుగుతుంది. కొత్తలో ఆ మాట పెట్టకుండానే నడపండి.

ఇన్‌స్టాల్ అయ్యాక రీబూట్ అయి మళ్ళీ ఇన్‌స్టాల్ మొదలుపెడుతోంది!

బయోస్‌లో నెట్‌వర్క్ బూట్ ముందు ఉండి, మీ మెనూలో డిఫాల్ట్ ఇన్‌స్టాల్ అయితే ఇదే జరుగుతుంది. డిఫాల్ట్ ఎప్పుడూ లోకల్ డిస్క్ నుంచి బూట్ అయ్యేలా ఉండాలి. ఇన్‌స్టాల్ చేయాల్సిన మెషీన్‌కి మాత్రం దాని మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబర్) పేరుతో విడి ఫైల్ పెట్టండి. సిస్‌లైనక్స్‌లో ఆ పేరు ముందు 01 అని, మధ్యలో డాష్‌లతో, చిన్న అక్షరాలతో ఉండాలి. నేను చెప్పిన ఆ చివరి కబురు ఇన్‌స్టాల్ సర్వర్‌కి చేరగానే ఆ ఫైల్ తీసేసేలా చిన్న స్క్రిప్ట్ పెట్టుకున్నాను.

మెషీన్‌కి ఐపీ రావడం లేదు, టైమవుట్ అంటోంది. ల్యాప్‌టాప్ పెడితే వస్తోంది.

స్విచ్‌లో స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూపులు రాకుండా చూసే పద్ధతి) వల్ల. కేబుల్ లింక్ పడ్డాక పోర్ట్ తెరుచుకోవడానికి పాత పద్ధతిలో 30 సెకన్లు పడుతుంది. ల్యాప్‌టాప్ మళ్ళీ మళ్ళీ అడుగుతుంది, పిక్సీ అంతసేపు ఆగదు. సర్వర్లున్న పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ (పోర్ట్ వెంటనే తెరుచుకునే సెట్టింగ్) ఆన్ చేయండి.

యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్ ఉంటే?

బయోస్ ఫైల్ యూఈఎఫ్ఐకి పనికిరాదు. మెషీన్ ఏ రకమో డీహెచ్‌సీపీ ఆప్షన్ 93లో తనే చెబుతుంది, దాన్ని చూసి తగిన ఫైల్ ఇవ్వమని డీఎన్‌ఎస్‌మాస్క్‌లో రాసుకోవచ్చు. సెక్యూర్ బూట్ సంతకం ఉన్న బూట్ ఫైళ్ళనే ఒప్పుకుంటుంది. దానికి మీ డిస్ట్రిబ్యూషన్ (మీరు వాడే లైనక్స్ రకం) ఇచ్చే షిమ్, దాని వెనక గ్రబ్. రెండూ ఒకే డిస్ట్రిబ్యూషన్‌వి అయి ఉండాలి.

రూట్ పాస్‌వర్డ్ ఫైల్‌లో రాయొచ్చా?

రాయొద్దు. ఆ ఫైల్‌ని నెట్‌వర్క్‌లో ఎవరైనా బ్రౌజర్‌లో తెరవగలరు. తప్పనిసరైతే ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో ఎస్‌హెచ్ఏ 512 హ్యాష్ (అసలు పాస్‌వర్డ్ కనబడకుండా మార్చిన రూపం) తీసి పెట్టండి. నేను రూట్‌ని లాక్ చేసి, ఎస్ఎస్‌హెచ్ కీ మాత్రమే పెడతాను.

పాత సెంటోస్ 7 కిక్‌స్టార్ట్ ఇప్పుడు పనిచేయడం లేదు.

రెడ్‌హ్యాట్ కుటుంబంలోని సెంటోస్ 7 గడువు 2024 జూన్ 30తో ముగిసింది. మామూలు మిర్రర్ల నుంచి తీసేసి వాల్ట్ అనే పాత వెర్షన్ల నిల్వలోకి మార్చారు. చిరునామా మార్చితే నడుస్తుంది, కానీ ఇక సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. ఆల్మా 9 లేదా రాకీ 9కి ఫైల్ తిరగరాయండి. పాత ఫైల్‌ని లైన్ లైన్‌కీ మార్చేకంటే, కొత్త వెర్షన్‌ని చేత్తో ఒకసారి పెట్టి అది ఇచ్చిన ఫైల్‌తో మొదలుపెట్టడం తేలిక.

మధ్యలో కరెంటు పోతే?

సగంలో ఆగిన ఇన్‌స్టలేషన్‌ని బాగుచేయడానికి కూర్చోవద్దు. మొదటి నుంచి నడపండి, పదిహేను ఇరవై నిమిషాల పనే. యూపీఎస్ అసలు కావలసింది ఇన్‌స్టాల్ సర్వర్‌కీ, స్విచ్‌కీ. అవి పడిపోతే అన్ని మెషీన్లూ ఒకేసారి ఆగుతాయి.

ఇవన్నీ ఎక్కడ ప్రాక్టీస్ చేయాలి?

ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషీన్లు చాలు. ఒకటి ఇన్‌స్టాల్ సర్వర్, రెండోది ఖాళీ డిస్క్‌తో నెట్‌వర్క్ బూట్. రెండిటినీ బయటి నెట్‌కి సంబంధం లేని నెట్‌వర్క్‌లో పెట్టండి. జవాబుల ఫైళ్ళన్నీ గిట్‌లో ఉంచి, ఒక కాపీని మిర్రర్ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో కూడా వేయండి. నేను ఏటా సెప్టెంబర్ చివర్లో, తుఫానుల సీజన్ ముందు, వైఫై ఆపేసి, ఆ డిస్క్ ఒక్కటే పెట్టుకుని ఒక సర్వర్‌ని ఖాళీ నుంచి నిలబెట్టి చూస్తాను. పోయినసారి ఆన్సిబుల్‌కి కావలసిన ఒక పైథాన్ లైబ్రరీ మిర్రర్‌లో లేదని అలాగే తెలిసింది. అదే రోజు సాయంత్రం తెచ్చి వేశాను.